అక్క కంప్యూటరుకు ఇంటిపేరు

ఇప్పుడు బంధువుల ఫోన్ వస్తే తీయడానికి చెయ్యి రాదు. తీస్తే "బాగుండావా" అన్న మాట పూర్తయ్యీ కాకముందే పని చెయ్యని ప్రింటరో, అందని వైఫైయో, ఫొటోలతో నిండిపోయిన ఎవరి ఫోనో వచ్చి మీద పడుతుంది. ఆఫీసులో పొద్దంతా చేసేది అదే, ఇంటికొచ్చి చేసేదీ అదే. "ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి" అని చెప్పడానికా నేను డిగ్రీ చదివింది అని రోజుకోసారైనా అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాక ఎమ్మిగనూరులో ఊరికే తిరుగుతున్న రోజుల్లో, ఇలాంటి పనికి నన్ను ఎవరైనా పిలుస్తారా అని కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేవాణ్ని. ఎవరూ పిలిచేవారు కాదు. పిలవకపోయినా వెళ్లేవాణ్ని. అలా వెళ్లిన చోట్ల నుంచి ఎంత తొందరగా పంపించేశారో తలుచుకుంటే, పాపం వాళ్లు కూడా ఎంత అలిసిపోయారో ఇప్పుడు అర్థమవుతోంది.

అప్పట్లో నాకు లైనక్సు పిచ్చి పట్టింది. కంప్యూటరు తెరవగానే మిగతా పనులన్నిటినీ నడిపించే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది కదా, మా చుట్టుపక్కల అందరి దగ్గరా అది విండోసే. దాని బదులు వేసుకోవడానికి ఊరికే దొరికేది లైనక్సు. కర్నూలులో చదివిన స్నేహితుడొకడు ఆ సీడీ ఇచ్చాడు. ఇక చూసుకోండి, కనపడిన ప్రతివాడికీ అదే ఉపదేశం. మగ్గం గుంతలో కూర్చున్న మా నాన్నను కూడా వదల్లేదు. "దీనికి వైరస్ రాదు నాయనా, ఇది ఒక కంపెనీ సొత్తు కాదు, అందరిదీ" అని నేను చెబుతుంటే, ఆయన అడ్డపోగు నడిపే నాడె విసురుతూనే "ఉద్యోగం ఇస్తాదా?" అని మాత్రం అడిగేవాడు. (ఇచ్చింది. కాకపోతే ఎలాంటి ఉద్యోగమో పైన చెప్పాను.)

నా ఉపదేశం చెవిన పెట్టిన మనిషి లోకంలో ఒక్కరే, ఆదోనిలో ఉన్న మా అక్క. అక్క అత్తగారివాళ్లూ ఒకప్పుడు మగ్గం మీద బతికినవాళ్లే. రెండు తరాల కిందట మగ్గం వదిలి పత్తి దలాలీలోకి దిగి, ఆదోనిలో మేడ కట్టారు. మేడ కింద ముందుగదిలో అక్క మామగారి వ్యాపారం. పత్తి కాలం వచ్చిందంటే పొద్దున ఉగ్గాని తిన్నప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా ఆ గది నిండా మనుషులే. అక్క ఉండేది పై గదిలో. ఆ ఇంట్లో మామ ఆమెను "ఎమ్మిగనూరామె" అంటాడు, అత్త "ఏమ్మే" అంటుంది, బావ "ఇదిగో" అంటాడు. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

బావ కొత్త కంప్యూటరు కొన్నప్పుడు పాతది పై గదికి చేరింది. అక్క దాని మీద చీరల అంచులు గీయడం మొదలుపెట్టింది. నేతలో అంచు మీద పువ్వు రావాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీయాలి, ఒక్కో గడి ఒక్కో పోగు. దాన్నే గ్రాఫు అంటారు. మా అక్కకు ఆ పని పుట్టుకతో వచ్చింది. మామకు మాత్రం అది చూస్తే ఒళ్లు మంట. "మగ్గం ఇడిసిపెట్టి బతికినాం. మళ్లా ఆ గీతలు యాల ఈ ఇంట్లో?" అనేవాడు. గట్టిగా కాదు, అక్కకు వినపడేంత.

ఆ ఏడు ఎమ్మిగనూరులో నూలు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఒకాయన కొత్త అంచు కోసం చూస్తున్నాడని నాన్న చెప్పాడు. అక్క గీసినది నేను నా ఫోన్లో చూపిస్తే ఆయన కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి, "బాగుండాదప్పా. కానీ ఫోన్లో పువ్వు చూసి పడుగు కట్టేకి అయితాదా? గ్రాఫు కాగితం మీద తే. ఈ పడుగు అయిపోయి ఇంకోటి కట్టేలోపల తేవాల, లేకుంటే పాత అంచే ఏసుకుంటా" అన్నాడు. (పడుగంటే మగ్గం మీద నిలువుగా కట్టే పోగులు.) అక్క గీత ఒకటి నిజంగా చీర మీదికి ఎక్కే అవకాశం రావడం అదే మొదలు.

కానీ ప్రింటరు కింద, బావ కంప్యూటరుకు ఉంది. అక్క తన బొమ్మను పెన్‌డ్రైవ్‌లో వేసి బావకిస్తే, బావ దాన్ని జేబులో వేసుకుని మర్చిపోయేవాడు. గుర్తొచ్చి పెడితే బావ కంప్యూటరులోని వైరస్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేది. ఆ గండం దాటినా, అక్క వాడే బొమ్మల ప్రోగ్రాము కింద లేదు కాబట్టి గళ్లు సాగిపోయి, పువ్వు కాస్తా గుమ్మడికాయలా వచ్చేది. నిలబడి సరిచూసుకుందామంటే, దళారులు కూర్చున్న గదిలోకి కోడలు దిగకూడదు. (ప్రింటరే పైకి తీసుకుపోతే సరిపోయేది కదా అని మీకు తోచింది. నాకూ తోచింది. మామ బిల్లులన్నీ దాని మీదే తీస్తాడు. దాన్ని కదిలించాలంటే ముందు మామను కదిలించాలి.)

"ఒరే, నా కాగితం కోసరం ఎవుర్నీ బతిమాలాడకుండా, ఈడ కూచోని నాకు నేను తీసుకునేటట్ల చేస్తావా?" అని అక్క ఫోన్లో అడిగింది.

"అదెంత పనిలే అక్కా!" అన్నాను. (ఇప్పటికీ ఈ మాట నా నోట్లోంచి రాబోతుంటే మా ఆవిడ చెయ్యి అడ్డం పెడుతుంది.)

వైరు చుట్ట భుజాన వేసుకుని, లైనక్సు సీడీ జేబులో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను. లైనక్సు వెయ్యడం వరకు నల్లేరు మీద నడకే. అక్క పాత కంప్యూటరు చాలా రోజుల తర్వాత ఊపిరి తీసుకుంది. వైరు మాత్రం పై గది కిటికీలోంచి మెట్ల పక్కగా దింపి, ముందుగది వెంటిలేటర్లోంచి లోపలికి లాగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పక్క కట్టి ఇటు తిరిగేలోగా అత్త దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసింది. అత్తా, అది గుడ్డలారేసే తీగ కాదు అంటే, "గట్టిగా ఉండాది కదప్పా" అంది, మెచ్చుకుంటున్నట్టే. ఆ మెచ్చుకోలుకు ఎదురు చెప్పలేక తువ్వాళ్లు ఆరేదాకా కూర్చున్నాను.

ఇంతలో ఇంకో తంటా వచ్చింది. నేనెందుకొచ్చానని ఎవరో అడిగితే మామ "మా కోడలి తమ్ముడు. లైను పని మీద వచ్చినాడు, లైనక్స అంట" అన్నాడట. భుజాన వైరు చుట్ట ఉన్నవాడు, లైను పని అంటున్నారు, ఇంకేం కావాలి? మధ్యాహ్నానికి పక్కింటాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, మా ఇంట్లో ఫ్యాను తిరుగుతాండాదా నిలబడిండాదా తెలీడం లేదు. వోల్టేజీ లేదు. నువ్వే లైన్‌మన్ అంట కదా, ఒక్క తూరి కరెంటు కంబం ఎక్కి సూడు." నేను లైన్‌మన్‌ను కాదని, లైనక్సు అంటే కరెంటు లైను కాదని వివరించాను. ఆయన అంతా శ్రద్ధగా విని, "పోనీలే, నీకు ఈ ఏరియా కాదేమో. మా ఏరియా ఆయనకు ఒక మాట సెప్పు" అని వెళ్లిపోయాడు. లైనక్సు గురించి అంత ఓపిగ్గా విన్నవాడు మళ్లీ నాకు దొరకలేదు.

వైరు తగిలించాక రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. పైనుంచి పలకరిస్తే కింద నుంచి జవాబు వచ్చింది. అక్కకు చూపించి ఒక వెలుగు వెలిగాను. కానీ ప్రింటరు దగ్గరికి పోగానే కింది కంప్యూటరు పేరూ పాస్‌వర్డూ అడగడం మొదలుపెట్టింది. బావ పేరు కొట్టాను. బావకు పాస్‌వర్డ్ లేదు కాబట్టి ఖాళీగా వదిలేశాను. కుదరదంది. మళ్లీ కొట్టాను. మళ్లీ కుదరదంది. ఇంగ్లీషులో ఏదో పెద్ద వాక్యం వచ్చింది. అంత వాక్యం చదివే ఓపిక ఆ వయసులో ఎవరికుంటుంది? కారణం నాకు ముందే తెలుసని నా నమ్మకం.

నేను కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర బావ ఎదురై "ఏమైనాది బామ్మర్దీ?" అని అడిగినప్పుడు నేను చేసిన ఉపన్యాసమే కొంప ముంచింది. ఇంట్లో కంప్యూటర్లన్నీ ఒక గుంపు అనుకుంటే, ఆ గుంపుకొక పేరుంటుంది. మామూలుగా చెబితే అర్థం కాదేమోనని, "బావా, గుంపు పేరంటే ఇంటిపేరు అనుకో. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో పేరు, అన్నిటికీ కలిపి ఒకే ఇంటిపేరు. ఇంటిపేరు కలవకపోతే ఒకటి చెప్పింది ఇంకొకటి వినదు" అన్నాను. ఎంత బాగా చెప్పానో అని నాకే ముచ్చటేసింది. కింది కంప్యూటరు అమ్మినవాడు ఆ గుంపు పేరు దగ్గర నిజంగానే బావవాళ్ల ఇంటిపేరు వేసి ఉన్నాడు. పైదాంట్లో నేను అలవాటు కొద్దీ మా ఇంటిపేరు వేశాను.

ఈ మాట ముందుగదిలో కూర్చున్న మామ చెవిన పడింది. నిప్పు తొక్కినట్టు లేచి వచ్చాడు. "ఏమప్పా, మా ఇంట్లో ఉండే మిషన్‌కు మీ ఇంటిపేరు పెట్టినావంట?"

"అది ఊరికే మామా, మార్చేస్తాను."

"మార్సు. పెండ్లయి వచ్చినంక అత్తింటి పేరే కదా. మనిషికైనా, మిషన్‌కైనా."

నేను పైకి వెళ్లి అక్కకు చెబితే, అక్క మౌస్ మీద చెయ్యి తీయకుండా "ఉండనీరా, మన పేరే. ఇదొక్కటన్నా" అంది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. నాకు చాలా ఇబ్బందయింది. ప్రింటరు కోసం వచ్చినవాణ్ని, ఇంటిపేర్ల పంచాయతీలో ఇరుక్కున్నాను. చివరికి షావుకారు పడుగు అయిపోతుందన్న భయంతో అక్కే "సరే, కానీ" అంది, కానీ ఆ మాట నాతో కాదు, తెర మీది పువ్వుతో అన్నట్టుగా అంది.

పేరు మార్చాను. ప్రింటరు ససేమిరా అంది.

అక్షరం తేడా ఉందేమోనని చూస్తే నిజంగానే ఉంది. ఆ ఇంటిపేరును ఇంగ్లీషులో బోర్డు మీద ఒక రకంగా, బావ సర్టిఫికెట్లలో ఒక రకంగా రాసుకున్నారు. తకారం పక్కన హెచ్ ఉండాలని మామ, అక్కర్లేదని బావ. కంప్యూటరు అమ్మినవాడు ఇద్దరినీ సంతోషపెట్టడానికో ఏమో మూడో రకంగా కొట్టి పెట్టాడు. నేను అన్ని రకాలూ వేసి చూశాను. మా నాయన ఎట్ల రాసేవాడో తెలుసా అని మామ, ఇంగ్లీషు మీ నాయనకు యాడొచ్చు నాయనా అని బావ, ఇద్దరూ ముందుగదిలో తగువు పడ్డారు. దళారులు కూడా చెరో పక్షం తీసుకున్నారు. పత్తి ధర మీద కూడా అంత గట్టిగా వాదించుకోగా నేను చూడలేదు. ప్రింటరు మాత్రం అందరినీ సమానంగా చూసింది. ఎవరి పక్షానా ఒక్క కాగితం కక్కలేదు.

"మా పేరు పెట్టినా రాలేదు. ఏం లైనప్పా నీది?" అన్నాడు మామ. ఆ మాటతో నేను పూర్తిగా కూలబడ్డాను. "ఉద్యోగం ఇస్తాదా?" అని నాన్న అడిగిన ప్రశ్న గుర్తుకు రాసాగింది. షావుకారు పడుగు దగ్గరపడిందని నాన్న ఫోన్ చేశాడు. అక్క కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఇక చెయ్యడానికేమీ లేక, ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. పాస్‌వర్డ్ లేని ఖాతాను బయటి నుంచి రానివ్వను, అని చాలా మర్యాదగా చెబుతోందది. మొదటి రోజు నుంచీ అదే చెబుతోంది. ఇంటిపేరుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఎవరి ఇంటిపేరు పెట్టుకున్నా దానికి పట్టింపు లేదు. అడుగుతున్నదల్లా నువ్వెవరు, నువ్వేననడానికి గుర్తేమిటి అని. రెండు తరాల మనుషులకు తగువు పెట్టి నేను సాధించింది శూన్యం.

బావ ఖాతాకు పాస్‌వర్డ్ పెడదామంటే మామ ఒప్పుకోలేదు. పొద్దున్నే పత్తి ధరలు ఆయనే తెరిచి చూసుకుంటాడు. "మన ఇంట్లో మనకు బీగమేందప్పా?" అన్నాడు. ఆ ఇంట్లో కోడలి గదికి తప్ప దేనికీ తాళం వేసే అలవాటు లేదు. (కోడలి గదికి కూడా బయటి నుంచి కాదులెండి, లోపలి నుంచే, అదీ అక్క గీసుకునేటప్పుడు.) అందుకని బావ ఖాతాను అలాగే వదిలేసి, కింది కంప్యూటరులో ఇంకో కొత్త ఖాతా తెరిచాను. ఏం పేరు పెట్టాలక్కా అని మేడ మీదికి కేకేస్తే, "నాదే పెట్టు" అంది. పాస్‌వర్డ్ నేనే పెడతానంటే వద్దంది. ముందుగదిలో మనుషులు లేని సమయం చూసి దిగివచ్చి, నన్ను అటు తిరగమని తనే కొట్టుకుంది. ఆ పాస్‌వర్డ్ ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. పనిలో పనిగా పైదాని ఇంటిపేరు మళ్లీ మాదే వేసేశాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ముందుగది నిండా మనుషులున్నప్పుడు, పైన అక్క మొదటిసారి తన చేత్తో ప్రింట్ నొక్కింది. మేమిద్దరం మెట్ల వైపు చెవులు పెట్టి విన్నాం. కింద మాటలు టక్కున ఆగిపోయాయి. మరుక్షణం "ఏయ్, ఏందప్పా, ఎవురూ ముట్టకనే మిషన్ దానంతకదే ఆడతాండాదే!" అని ఎవరో అరిచారు. ఇంకెవరో కుర్చీ వెనక్కి నెట్టారు. నేను మెట్లు దూకుతూ దిగాను. ప్రింటరు మొదటి కాగితం బయటపెట్టింది. అందులో పువ్వు లేదు. పంపినవాళ్ల పేరుతో ముందొక కాగితం వేసే ఏర్పాటు ఒకటి లైనక్సులో ఉంటుంది; పెద్ద పెద్ద ఆఫీసుల్లో కాగితాలు కలిసిపోకుండా. నేను తడుముకుంటూ ఎక్కడో దాన్ని నొక్కేసినట్టున్నాను. తెల్ల కాగితం మధ్యలో ఇంగ్లీషులో లావుపాటి అక్షరాలు.

మామ దాన్ని తీసి కళ్లకు దూరంగా పట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు. "న... గ... వే... ని. నగవేని." చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాడు. "ఎవురప్పా ఈ నగవేని? మన పార్టీల్లో ఎవురన్నా ఉండారా?"

పత్తి పార్టీల్లో ఆ పేరుగలవాళ్లు లేరు. బావ తల వంచుకుని, "నీ కోడలు నాయనా. నాగవేణి" అన్నాడు.

బావ నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. నేనూ అక్క అనే పిలుస్తాను కదా, నాకూ అది ఎక్కడో బడి రోజుల్లో విన్న పేరులా అనిపించింది. మామ కాగితాన్ని ఇంకాసేపు చూశాడు. ఆయన ముఖంలో ఏముందో చెప్పలేను, కోపం మాత్రం కాదు. ఈలోగా ప్రింటరు మిగతా కాగితాలు ఒక్కొక్కటే వదులుతోంది. గళ్లు సాగకుండా, పువ్వు పువ్వులాగే, ఆకు ఆకులాగే. దళారి ఒకాయన వంగి చూసి, "అంచు బాగుండాదే, మా అమ్మ నేసేది ఇట్లాంటివి" అన్నాడు. మామ కాగితాలన్నీ సర్ది, మెట్ల దగ్గరికి పోయి, ఆ ఇంట్లో ఎన్నడూ లేనిది, పైకి తలెత్తి పిలిచాడు. "నగవేనీ! నీ కాగితాలు వచ్చినాయమ్మా, వచ్చి తీస్కపో."

అందరూ ఉండగా అక్క దిగివచ్చి తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. వైరు సరిచూసే వంకతో వెంటిలేటర్ వైపు తిరిగాను.

షావుకారు ఆ గ్రాఫు తీసుకున్నాడు. పూలు కొంచెం తగ్గించమన్నాడు, అక్క తగ్గించలేదు, ఆయన అలాగే వేయించుకున్నాడు. తర్వాత కూడా అడిగాడు. అక్క పైనుంచి ప్రింట్ కొట్టినప్పుడల్లా ముందుగా ఆ పేరు కాగితం రావడం, మామ దాన్ని చూసి మెట్ల దగ్గర నిలబడి "నగవేనీ" అని కేకెయ్యడం ఆ ఇంట్లో మామూలైపోయింది. ణకారం ఆయన నోటికి ఎన్నటికీ తిరగలేదు.

కొన్నాళ్లకు బావ నన్ను పిలిపించాడు. "బామ్మర్దీ, ప్రతిసారీ ముందొక కాగితం దండగ అయితాండాది. దాన్ని తీసెయ్యప్పా."

ఒక్క నొక్కుతో పోయే పని. పైకి వెళ్లి కూర్చుని నొక్కబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "దాన్ని ముట్టుకోవద్దురా. అది పోతే నేను మళ్లా ఎమ్మిగనూరామెనే" అంది.

నేను కాసేపు కీబోర్డు మీద అవీ ఇవీ టకటకలాడించి, నుదురు తుడుచుకుంటూ కిందికి దిగాను. "లైనక్సు తీరే అంత బావా. మొదటి కాగితం తీస్తే ప్రింటరే మొత్తం ఆగిపోతాది" అన్నాను. బావ తలాడించి, "అందుకేనా ఊరికే ఇస్తాండేది" అన్నాడు. లైనక్సు గురించి ఆ వయసులో నేను చెప్పిన నిజాలు ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. ఈ అబద్ధాన్ని మాత్రం బావ ఈ రోజుకీ నమ్ముతున్నాడు. కంప్యూటర్లు రెండూ మారిపోయాయి, వైరు కూడా పోయింది, ఆ కాగితం మాత్రం వస్తూనే ఉంది. అప్పటి ఆ పనికిమాలిన కుర్రాడు, అంటే నేనే, ఒక్కసారైనా పనికొచ్చే మాట అన్నాడు.